సున్నపురాతి పొరలు – చమురు, సహజవాయు నిక్షేపాలు: కడప, ముంబయి హై శిలల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సున్నపురాతి పొరలు చమురుకు, సహజవాయువుకు మూలమని భూగోళ, భూవిజ్ఞాన పాఠాల్లో తరచుగా చెప్పడం కనిపిస్తుంది. ‘మూలం’ అనే ఈ ఒక్క మాటలో చమురు పుట్టిన చోటు, అది నిలిచిన చోటు అనే రెండు భిన్న భావనలు కలిసిపోతున్నాయి. చమురు నిలిచిన సున్నపురాయికి ముంబయి హై, చమురు పుట్టడానికీ నిలవడానికీ ఆధారమైన సున్నపురాతి వరుసకు సౌదీ అరేబియాలోని ఘవార్, ఈనాడు ఉపరితలంపైన పరచుకొని ఉన్నా చమురు లభించని సున్నపురాయికి కడప బేసిన్ ఉదాహరణలుగా తీసుకొని ఆ రెండు భావనలను వేరుచేసి చూపడం ఈ వ్యాస లక్ష్యం. శిల పేరును బట్టి కాక, ఆ శిల గడిపిన చరిత్రను బట్టి నిక్షేపాలు ఏర్పడతాయని ఈ పరిశీలన వివరిస్తుంది.

కీలకపదాలు: సున్నపురాయి, డోలమైట్, జనకశిల, ఆశయశిల, కప్పుశిల, కడప బేసిన్, ముంబయి హై, కృష్ణా–గోదావరి బేసిన్.

1. ఉపోద్ఘాతం

చిత్తూరు జిల్లాలోని బైరెడ్డిపల్లె, దాని చుట్టూ ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ప్రధానంగా గ్రానైటు, నైస్ శిలల భూభాగం. ఈ శిలల్లో అత్యధిక భాగం దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివి, లేదా అంతకన్నా పాతవి. కుప్పం సమీపంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు కోలారు షిస్టు మేఖల దక్షిణపు కొనకు చెందినవి. ఇక్కడి నేలలో అక్కడక్కడ సున్నపు గడ్డలు కనిపించినా అవి సున్నపురాతి పొరలు కావు. గ్రానైటులోని ఖనిజాలు శిథిలమైనప్పుడు విడుదలైన కాల్షియం, తక్కువ వర్షపాతం గల నేలల్లో గడ్డకట్టడం వల్ల అవి ఏర్పడ్డాయి.

అసలైన సున్నపురాతి పొరలను చూడాలంటే ఇక్కడి నుంచి ఉత్తరానికి, ఈశాన్యానికి సాగి కడప బేసిన్‌లో అడుగుపెట్టాలి. ఈ రెండు భూభాగాల మధ్య హద్దు తిరుమల ఘాట్ రోడ్డులో స్పష్టంగా కనిపిస్తుంది. కింద పురాతన గ్రానైటు, దానిపైన నగరి క్వార్ట్‌జైటు, రెండింటి మధ్య కొన్ని పదుల కోట్ల సంవత్సరాల ఎడబాటు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

ఆ హద్దు దాటిన తరువాత కడప, కర్నూలు, నంద్యాల, అనంతపురం ప్రాంతాల్లో వందల చదరపు కిలోమీటర్ల మేర సున్నపురాయి, డోలమైట్ పరచుకొని ఉన్నాయి. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు కర్మాగారాలకూ, ఇళ్లలో పరిచే కడప, బేతంచెర్ల బండలకూ ఆధారం ఆ శిలలే. భారతదేశపు అతిపెద్ద చమురు క్షేత్రమైన ముంబయి హైలో చమురు దొరికింది కూడా సున్నపురాతిలోనే. అక్కడ చమురునిచ్చిన శిల ఇక్కడ సిమెంటుకు మాత్రమే ఎందుకు పరిమితమైందన్న ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. దానికి సమాధానం చెప్పాలంటే ముందుగా పరిభాషను సరిచూసుకోవాలి.

2. జనకశిల, ఆశయశిల, కప్పుశిల

చమురు, సహజవాయు నిక్షేపం ఏర్పడడానికి కొన్ని అంశాలు ఒకేచోట, సరైన క్రమంలో కలిసిరావాలి.

మొదటిది జనకశిల. ప్రాణవాయువు కొరవడిన నీటి అడుగున ఆల్గే, ఇతర సూక్ష్మజీవుల అవశేషాలు సన్నని బురదతో కలిసి కూరుకుపోతాయి. కాలక్రమంలో ఆ సేంద్రియ పదార్థం కెరోజెన్ అనే ఘనపదార్థంగా మారుతుంది. పూడిక లోతు పెరిగిన కొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఉష్ణోగ్రత సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు కెరోజెన్ నుంచి ప్రధానంగా చమురు, అంతకు మించితే ప్రధానంగా వాయువు వెలువడతాయి. భూమిలోపలికి ప్రతి కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరిగే సాధారణ స్థితిలో చమురు పుట్టే లోతు సుమారు 2 నుంచి 4 కిలోమీటర్లు.

రెండవది ఆశయశిల. జలాశయం అన్న మాటలో ఉన్న ‘ఆశయ’ శబ్దమే ఇక్కడా నిలువచోటు అన్న అర్థాన్నిస్తుంది. చమురు భూమిలో చెరువులాగా ఉండదు. రాతిలోని సూక్ష్మ రంధ్రాల్లో, పగుళ్లలో నిండి ఉంటుంది. రాతిలో ఖాళీ ఎంత ఉన్నదో తెలిపేది సచ్ఛిద్రత. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ద్రవాన్ని ఎంతగా ప్రవహించనిస్తాయో తెలిపేది పారగమ్యత. బైరెడ్డిపల్లె పరిసరాల్లో బోరుబావి తవ్వించిన రైతులకు ఈ భేదం అనుభవంలో ఉన్నదే. గట్టి గ్రానైటులో ఎంత లోతుకు వెళ్లినా నీరు పడదు. పగులు తగిలితేనే పడుతుంది. ఆ పగులు మరికొన్ని పగుళ్లతో కలిసి ఉంటేనే బోరు నాలుగు కాలాలు నీరిస్తుంది.

మూడవది కప్పుశిల. నీటికన్నా తేలికైన చమురు, వాయువు పైకి సాగుతుంటాయి. వాటిని అడ్డగించే బిగువైన షేల్ లేదా లవణపు పొర పైన లేకపోతే అవి ఉపరితలానికి చేరి నశిస్తాయి. నాలుగవది, చమురు ఒకచోట కూడేలా చేసే వంపు లేదా భ్రంశం వంటి బంధక నిర్మాణం. చమురు బయలుదేరే నాటికే ఆ నిర్మాణం సిద్ధంగా ఉండాలి. ఆ తరువాత ఏర్పడితే ప్రయోజనం లేదు.

ఈ విభజన దృష్ట్యా చూస్తే ప్రపంచంలోని సున్నపురాతి చమురు క్షేత్రాలలో సున్నపురాయి నిర్వహించే ప్రధాన పాత్ర ఆశయశిలది. కార్బొనేట్ శిలల్లో, అంటే సున్నపురాతిలోనూ డోలమైట్‌లోనూ, ప్రపంచ చమురు నిల్వలలో సగానికి పైగా ఉన్నట్లు సాధారణంగా అంచనా వేస్తారు. అయితే ఆ చమురంతా అక్కడే పుట్టిందని దీని అర్థం కాదు.

3. సున్నపురాతిలో ఖాళీలు ఏర్పడే తీరు

ఇసుకరాయి, సున్నపురాయి రెండూ అవక్షేప శిలలే అయినా వాటి పుట్టుకలో మౌలిక భేదముంది. ఇసుకరాతిలోని రేణువులు ఎక్కడో కొండల్లో అరిగి, నదుల్లో కొట్టుకొని వచ్చినవి. సున్నపురాతిలోని పదార్థం చాలావరకు అది ఏర్పడిన సముద్రంలోనే పుట్టినది. పగడాలు, నత్తలు, ఫోరామినిఫెరా, సున్నపు ఆల్గే వంటి జీవుల గుల్లలూ కవచాలూ వెచ్చని, లోతులేని, మట్టి కలవని నీటిలో పేరుకొని సున్నపురాయిగా గట్టిపడతాయి. డన్హామ్ 1962లో ప్రతిపాదించిన వర్గీకరణ సున్నపురాళ్లను వాటిలోని రేణువులకూ సన్నని సున్నపు బురదకూ ఉన్న సంబంధాన్ని బట్టి విభజిస్తుంది. బురద తక్కువై, రేణువులు ఒకదానినొకటి ఆనుకొని ఉన్న రాతిలో తొలినాటి ఖాళీలు ఎక్కువగా ఉంటాయి.

ఆ ఖాళీలు అలాగే నిలిచిపోవు. కాల్షియం కార్బొనేట్ సులభంగా కరుగుతుంది, సులభంగానే తిరిగి పేరుకుంటుంది. అందువల్ల సున్నపురాతి సచ్ఛిద్రత దాని జీవితకాలమంతా మారుతూ ఉంటుంది. ఈ మార్పులలో మూడింటికి ప్రాధాన్యం ఉంది.

మొదటిది ద్రావణం. సముద్రమట్టం తగ్గి సున్నపురాయి బయటపడినప్పుడు, గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు దానిని కరిగిస్తుంది. గుల్లలున్న చోట గుల్ల ఆకారపు ఖాళీలు మిగులుతాయి. కొన్నిచోట్ల గుహలే ఏర్పడతాయి. నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు ఈ క్రియకు ప్రత్యక్ష సాక్ష్యం. 3,229 మీటర్ల పొడవున గుర్తించిన ఆ గుహలను సున్నపురాతిని కరిగిస్తూ పారిన నీరే తొలిచింది. ఇలా ఖాళీలు పడిన శిల మళ్లీ సముద్రంలో మునిగి, పైన బంకమట్టి పేరుకొని లోతుకు పూడిపోతే, అదే మంచి ఆశయశిల కాగలదు.

రెండవది డోలమైటీకరణం. మెగ్నీషియం గల నీరు ప్రసరించినప్పుడు కాల్సైట్ స్థానంలో డోలమైట్ ఏర్పడుతుంది. కార్బొనేట్ మొత్తం మారకుండా ఈ మార్పు జరిగితే ఖనిజ ఘనపరిమాణం సిద్ధాంతపరంగా 12–13 శాతం వరకు తగ్గి, స్ఫటికాల మధ్య ఖాళీలు పెరుగుతాయి. బయటి నుంచి అదనంగా కార్బొనేట్ చేరితే మాత్రం ఆ ఖాళీలు పూడిపోతాయి.

మూడవది పగుళ్లు. సున్నపురాయి పెళుసైనది కావడంతో ముడతలు పడినప్పుడు పగులుతుంది. ఇరాన్‌లో 1908లో చమురు బయటపడిన మస్జిదె సులేమాన్ క్షేత్రంలో అస్మరీ సున్నపురాతి నుంచి చమురు ధారాళంగా రావడానికి ఈ పగుళ్ల వలయమే కారణం.

కరిగే గుణం ఉత్పత్తిలోనూ ఉపయోగపడుతుంది. సున్నపురాతి బావుల్లోకి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పంపి, మూసుకుపోయిన దారులను తెరవడం చమురు పరిశ్రమలో పరిపాటి. అయితే ఈ శిలలో ఖాళీల అమరిక అడుగడుగునా మారుతుంది. ఒక బావి సమృద్ధిగా ఇచ్చినా పక్కనే తవ్విన బావి ఇవ్వకపోవచ్చు. ఇసుకరాతి క్షేత్రాలతో పోల్చితే సున్నపురాతి క్షేత్రాల అంచనా కష్టం కావడానికి ఇదే కారణం.

4. ముంబయి హై: ఆశయశిలగా సున్నపురాయి

ముంబయి తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రంలో 1974 ఫిబ్రవరిలో ‘సాగర్ సమ్రాట్’ తవ్వక వేదిక ద్వారా ఓఎన్‌జీసీ చమురును కనుగొన్నది. 1976 మే నెలలో ఉత్పత్తి మొదలైంది. ఇక్కడ ప్రధాన ఆశయశిల ‘ఎల్–3’గా వ్యవహరించే సున్నపురాతి వరుస. ఇది మయోసీన్ యుగానికి చెందినది, అంటే 2.3 కోట్ల నుంచి 53 లక్షల సంవత్సరాల క్రితం వరకు సాగిన కాలానికి చెందిన శిల. లోతులేని సముద్రపు మిట్టపైన సున్నపు పదార్థం పేరుకున్నది. సముద్రమట్టం తగ్గిన ప్రతిసారీ ఆ మిట్ట వాననీటికి గురై కొంత కరిగింది. బెలూంలో గుహలుగా కనిపించే క్రియే ఇక్కడ సూక్ష్మరంధ్రాలుగా, చిన్న తొర్రలుగా మిగిలింది.

ఈ సున్నపురాయి తనలోని చమురును తాను పుట్టించలేదు. దానికి ప్రధాన జనకశిలగా పరిశోధకులు గుర్తించినది పన్నా శిలావిభాగంలోని షేల్ పొరలను. అవి పేలియోసీన్, తొలి ఇయోసీన్ కాలాలకు చెందినవి. అంటే ఆశయశిల కంటే కోట్ల సంవత్సరాలు పెద్దవి. మిట్ట చుట్టూ ఉన్న పల్లపు భాగాల్లో లోతుకు పూడిన ఆ షేల్ నుంచి వెలువడిన చమురు భ్రంశాల వెంట, పారగమ్య పొరల వెంట పైకి, పక్కకు ప్రయాణించి మిట్టపైని సున్నపురాతిలో చేరింది. దానిపైన పేరుకున్న షేల్ పొరలు కప్పుశిలగా నిలిచాయి.

ఇదే సముద్ర ప్రాంతంలో 1976లో కనుగొన్న బస్సీన్ క్షేత్రంలో సహజవాయువు ఇయోసీన్ యుగపు సున్నపురాతిలో ఉన్నది. ఆ వాయువు హజీరాకు చేరి, అక్కడి నుంచి గొట్టపు మార్గాల ద్వారా ఉత్తర భారతానికి అందింది.

5. ఘవార్: ఒకే వరుసలో జనకశిల, ఆశయశిల

సున్నపురాయి ఎన్నడూ జనకశిల కాలేదనడం కూడా పొరపాటే. 1948లో కనుగొన్న సౌదీ అరేబియాలోని ఘవార్, సాంప్రదాయిక చమురు క్షేత్రాలలో ప్రపంచంలోనే పెద్దది. దాని ప్రధాన ఆశయశిల జురాసిక్ యుగపు ‘అరబ్–డి’ సున్నపురాయి. జనకశిల కూడా జురాసిక్ యుగానిదే: తువైక్ మౌంటెన్, హనీఫా శిలావిభాగాలలోని సేంద్రియ పదార్థం మెండుగా ఉన్న సున్నపు బురదరాళ్లు. ప్రాణవాయువు అందని లోతట్టు భాగంలో పేరుకున్న సున్నపు బురద జనకశిల అయింది. అలలు తాకే నిస్సార జలాల్లో పేరుకున్న సున్నపు రేణువులు ఆశయశిల అయ్యాయి. ఆ సముద్రం ఆవిరై మిగిల్చిన అన్‌హైడ్రైట్ పొరలు కప్పుశిలగా నిలిచాయి. మూడు పాత్రలూ ఒకే సముద్ర చరిత్రలోని వేర్వేరు దశల్లో, వేర్వేరు చోట్ల ఏర్పడ్డాయి.

దీనికి ఎదురుగా నిలిచే మరొక ఉదాహరణ వియత్నాంలోని బాక్ హో క్షేత్రం. అక్కడ 1988లో చమురు దొరికింది పగుళ్లు పడిన గ్రానైటులో. ఆ గ్రానైటును ఆనుకొని, దానిని కప్పి ఉన్న షేల్ నుంచి చమురు దాని పగుళ్లలోకి చేరింది. బైరెడ్డిపల్లె ప్రాంతపు గ్రానైటులోనూ పగుళ్లున్నాయి. కానీ వాటి పక్కన గాని, పైన గాని జనకశిలలు లేవు. కాబట్టి అక్కడ పగుళ్లలో నిలిచేది నీరే.

6. కడప బేసిన్: సున్నపురాయి ఉన్నా చమురు లేని స్థితి

కడప బేసిన్ సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో నెలవంక ఆకారంలో ఉన్నది. విలియం కింగ్ 1872లో ప్రచురించిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ గ్రంథంతో దీని శాస్త్రీయ అధ్యయనానికి పునాది పడింది. ఇక్కడి కార్బొనేట్ శిలలలో రెండు తరాలను ముఖ్యంగా గుర్తించాలి. మొదటిది పాపఘ్ని సమూహంలోని వేంపల్లె డోలమైట్. రెండవది దానికన్నా చాలా చిన్నదైన కర్నూలు సమూహంలోని నార్జి, కోవెలకుంట్ల సున్నపురాళ్లు.

వేంపల్లె డోలమైట్‌లో స్ట్రొమటోలైట్లు విరివిగా కనిపిస్తాయి. ఇవి నిస్సార సముద్రంలో సూక్ష్మజీవుల పొరలు ఒకదానిపై ఒకటి పేర్చిన గుమ్మటాలు. అంటే నాటి సముద్రంలో సేంద్రియ పదార్థం ఉత్పత్తి అయింది. ప్రశ్న దాని తరువాతి చరిత్రకు సంబంధించినది.

పులివెందుల–తాడిపత్రి ప్రాంతంలో ఈ శిలావరుసలోకి శిలాద్రవం చొచ్చుకువచ్చి అడ్డపొరలుగా గట్టిపడింది. వాటిలో ఒకదాని వయస్సును దాదాపు 188 కోట్ల సంవత్సరాలుగా నిర్ధారించారు. వేంపల్లె డోలమైట్ అంతకన్నా పాతది. ఆ శిలాద్రవపు వేడికి డోలమైట్ మారిన చోటనే పులివెందుల పరిసరాల రాతినార నిక్షేపాలు ఏర్పడ్డాయి. చమురు కొంత పుట్టి ఉన్నా ఇటువంటి వేడి సోకిన చోట నిలిచే అవకాశం లేదు. తూర్పున నల్లమల ప్రాంతపు శిలలు తీవ్రమైన ముడతలకు, భ్రంశాలకు లోనయ్యాయి. అటువంటి కదలికల్లో బంధక నిర్మాణాలూ కప్పుశిలలూ చెదిరిపోతాయి.

కర్నూలు సమూహపు సున్నపురాళ్ల పరిస్థితి వేరు. వాటి కచ్చితమైన వయస్సుపై పరిశోధకులలో చర్చ ఉన్నది. బేసిన్ పశ్చిమ భాగంలో అవి పెద్దగా ముడతలు పడకుండా, దాదాపు సమతలంగా ఉన్నాయి. అందువల్లనే నార్జి సున్నపురాయి బండలుగా తేలికగా విడివడుతుంది. అయితే ఆ సమూహం మొత్తం మందం కొన్ని వందల మీటర్లకు మించదు. చమురు వంటకు కావలసిన లోతైన పూడిక ఈ మందంతో సమకూరదు. సన్నని సున్నపు బురద నుంచి ఏర్పడి గట్టిపడిన ఆ రాతిలో తొలినాటి ఖాళీలు తక్కువ. పైగా నేడది విస్తారంగా ఉపరితలంపైన బయటపడి ఉన్నది. మూత తెరిచిన పాత్రలో వాయువు నిలవనట్లే, కప్పుశిల తొలగిన పొరలో చమురు, వాయువు నిలవవు. సిమెంటు పరిశ్రమకు వరమైన ఆ బయటపడడమే చమురు దృష్ట్యా శాపం.

కేవలం వయస్సు వల్లనే ఇక్కడ చమురు లేదనడం మాత్రం సరికాదు. ఒమన్‌లో కేంబ్రియన్‌కు ముందటి, తొలి కేంబ్రియన్ కాలపు కార్బొనేట్లు లవణపు పొరల్లో భద్రంగా చిక్కుకొని నేటికీ చమురునిస్తున్నాయి. మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలో వింధ్య బేసిన్ ప్రొటెరోజోయిక్ శిలల నుంచి ఓఎన్‌జీసీ బావుల్లో సహజవాయువు వెలువడింది. అక్కడ నిలిచినది ఇక్కడ నిలవకపోవడానికి కారణం వేడి, ముడతలు, కప్పు తొలగడం వంటి స్థానిక చరిత్ర. భారతదేశంలోని 26 అవక్షేప బేసిన్లను హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ మూడు శ్రేణులుగా విభజించింది. ఉత్పత్తి సాగుతున్న మొదటి శ్రేణిలో కృష్ణా–గోదావరి బేసిన్, ఇంకా కనుగొనవలసిన వనరుల అంచనాకే పరిమితమైన మూడవ శ్రేణిలో కడప బేసిన్ ఉన్నాయి.

7. కృష్ణా–గోదావరి బేసిన్‌లో సున్నపురాతి స్థానం

ఆంధ్రప్రదేశ్‌లో చమురు, వాయువు వాస్తవంగా లభిస్తున్నది కృష్ణా–గోదావరి బేసిన్‌లో. రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు, దేవరపల్లి సమీపంలోని దుద్దుకూరు ప్రాంతాల్లో బసాల్టు పొరల నడుమ గుల్లల శిలాజాలతో కూడిన సున్నపురాయి కనిపిస్తుంది. డెల్టా కింద లోతున భీమనపల్లి సున్నపురాయి ఇయోసీన్ యుగపు సముద్రానికి గుర్తు. అయినా ఈ బేసిన్‌లో ప్రధాన ఆశయశిలలు ఇసుకరాళ్లే. మండపేట వాయువు, 1987లో కనుగొన్న రవ్వ చమురు, 2002లో కనుగొన్న కేజీ–డి6 వాయువు ఇసుకరాతి పొరల్లోనివి. జనకశిలలు కొమ్ముగూడెం బొగ్గు–షేల్ వరుస, రాఘవాపురం షేల్ వంటివి.

దీనికి కారణం నదులే. కృష్ణా, గోదావరి నదులు మోసుకొచ్చే మట్టి, ఇసుక సముద్రపు నీటిని కలుషితం చేసి సున్నపు జీవుల పెరుగుదలను అణచివేస్తాయి. నదీ పూడిక అంతగా చేరని ముంబయి సముద్రపు మిట్టపైన సున్నపురాయి దట్టంగా పెరిగింది. ఒకే దేశపు రెండు తీరాల్లో ఆశయశిలలు వేరు కావడానికి అవక్షేప పర్యావరణంలోని ఈ తేడా ప్రధాన హేతువు.

8. పరిభాష, బోధన

ఈ పరిశీలన తెలుగులో విజ్ఞాన బోధనకు ఒక సూచన చేస్తున్నది. ‘చమురుకు మూలం సున్నపురాయి’ అన్న వాక్యం చదివిన విద్యార్థి, సున్నపురాయి ఉన్న ప్రతిచోటా చమురు ఉండాలని భావించే అవకాశం ఉన్నది. రాయలసీమ విద్యార్థికి ఆ భావన తన ఊరి బండరాళ్ల దగ్గరే తప్పని తేలుతుంది. కానీ ఎందుకు తప్పో పాఠం చెప్పదు. జనకశిల, ఆశయశిల, కప్పుశిల అనే పదాలను విడివిడిగా వాడితే ఆ సందేహానికి తావుండదు. పదాలు తెలుగులో స్పష్టంగా ఉన్నప్పుడు, ఒక ప్రాంతంలో చమురు పడుతుందన్న ప్రచారం వచ్చినా పాఠకుడు అడగవలసిన ప్రశ్నలు తేటతెల్లమవుతాయి: జనకశిల ఏది? అది ఎంత వేడి చూసింది? పైన కప్పు ఉన్నదా? చమురు బయలుదేరే నాటికి బంధక నిర్మాణం సిద్ధంగా ఉన్నదా?

9. ముగింపు

సున్నపురాయి చమురు, సహజవాయు నిక్షేపాలకు ప్రపంచంలోనే ముఖ్యమైన నెలవులలో ఒకటి. అయితే అది చాలాచోట్ల నిలువచోటు; కొన్నిచోట్ల మాత్రమే పుట్టినిల్లు. ముంబయి హైలో సున్నపురాయి పక్కనున్న షేల్ పుట్టించిన చమురును దాచుకున్నది. ఘవార్‌లో ఒక సున్నపురాయి పుట్టించినదానిని మరొక సున్నపురాయి దాచింది. కడప బేసిన్‌లో పాత డోలమైట్ వేడికి, కదలికలకు లోనైంది. చిన్నదైన సున్నపురాయి తగినంత లోతుకు పూడక, పైకప్పు లేక ఉపరితలాన నిలిచింది. బైరెడ్డిపల్లె గ్రానైటు నుంచి ముంబయి హై సున్నపురాతి వరకు వర్తించే సూత్రం ఒక్కటే: రాతిలో ఖాళీ ఉండడం ఎంత అవసరమో, ఆ ఖాళీని నింపే జనకశిల, నిండినదానిని కాపాడే కప్పుశిల అందుబాటులో ఉండడం అంతే అవసరం.